ముందు ఆ పిల్ల మాట చెప్పు

ఎవరి మాటైనా వినేటప్పుడు ఆమె చేతులు ఊరికే ఉండేవి కావు. సంచిలోంచి రెండు పట్టు పోగులు తీసి, కొసలు కలిపి, వేళ్ళ మధ్య మెలితిప్పుతూ వినేవారు. ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేసరికి రెండు పోగులూ ఒకటయ్యేవి. దాన్ని మళ్ళీ సంచిలో వేసేవారు. ఒకసారి పెన్ను కోసం వెతుకుతూ ఆ సంచిని నా బల్ల మీద బోర్లించారు. అతికిన పోగులు పిడికెడు రాలాయి. ఇవెందుకని అడిగితే, మగ్గాల వీధిలో పుట్టినదానికి చేతులు ఊరికే పెట్టుకుంటే నిద్ర వస్తుందని చెప్పారు.

పోయిన నెల ఒక ఉదయం ధర్మవరం నుంచి ఫోన్ వచ్చింది. ఆమె పోయారు.

రోజూ రాసినట్టే ఆ రోజు డైరీలోనూ రెండు వాక్యాలు రాశాను. తర్వాత బీరువాలోంచి పాత డైరీ ఒకటి తీశాను. ఏ సంవత్సరానిదో వెతుక్కోవలసిన పని లేదు. దాని మధ్యలో మడిచి పెట్టిన కాగితం ఒకటి ఉంది. అది నేను రాసి, పై ఆఫీసుకు పంపకుండా ఆపేసిన రిపోర్టు. దాన్ని జేబులో పెట్టుకున్నాను.

నేను విద్యాశాఖలో పెనుకొండ ఆఫీసులో ఉండేవాణ్ణి. బడుల తనిఖీలు, విచారణలు, టీచర్ల ట్రైనింగులు నా పని. ఆమె ధర్మవరంలో ఒక హైస్కూల్లో సోషల్ టీచరు. ఆ బడి హెడ్మాస్టరుది పెనుకొండ. ట్రైనింగ్ కాలేజీ నుంచి నాకు స్నేహితుడు. ఆ బడిలో జరిగిన ఒక తగవులో ఇద్దరు ఆడపిల్లలు మళ్ళీ కలిశారు. వాళ్ళ తగవు విచారించిన పెద్దవాళ్ళం, నేనూ హెడ్మాస్టరూ, విడిపోయాం. దాన్ని సరిచేసుకోవడానికి ఆమె నాకొక పని అప్పజెప్పారు. అడిగినప్పుడల్లా ఈసారి తప్పకుండా చేస్తానని చెబుతూ వచ్చాను. ఇప్పుడు ఆ మాట చెప్పడానికి కూడా మనిషి లేదు.

ఆమెను నేను మొదట చూసింది పెనుకొండలో, శాంతి విద్య మీద పెట్టిన ట్రైనింగులో. పాఠం చెప్పింది నేనే. చార్టులు నా చేత్తోనే రాసుకున్నాను. ఒకదాని మీద లక్ష్యాలు: సహనం, సహకారం, అహింస, పరమత గౌరవం. ఇంకొకదాని మీద పద్ధతులు: ప్రతిజ్ఞ, వ్యాసరచన పోటీ, ర్యాలీ, గోడ మీద పావురం బొమ్మ. అంతా వరుసగా, నంబర్లు వేసి. సందేహాలుంటే అడగమన్నాను. వెనక వరుసలో ఆమె లేచారు.

"సార్, పోయినేడు మా బడిలో శాంతి మీద వ్యాసరచన పోటీ పెట్టినాం. ఫస్టు ప్రైజు రాలేదని సెకండు ప్రైజు పిల్లోడు ఫస్టోని తల పగలగొట్టినాడు. వ్యాసమైతే బాగానే రాసింటాడు సార్."

హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు. అయితే శాంతి విద్యకు మీరనుకునే లక్ష్యమేమిటని కొంచెం గట్టిగానే అడిగాను.

"కొట్లాడకుండా ఉండేది నాకే రాదు సార్, ఇంగ పిల్లోళ్ళకేం నేర్పుదును. కొట్లాడినంక మళ్ళా ఒకే బెంచీలో ఎట్ల కూర్చోవల్లో అది నేర్పిస్తా. అదొస్తే చాలు."

ఆ రోజు నా డైరీలో ఇలా ఉంది: 'ధర్మవరం సోషల్ టీచరు. మాటకు మాట చెబుతుంది. క్రమశిక్షణ తక్కువ.'

కొట్లాడకుండా ఉండడం రాదని ఆమె చెప్పింది వినయం కాదు. కండక్టర్లతో చిల్లర గురించి, ప్రార్థనలో మైకు గురించి, గేటు ముందు బండి పెట్టే వ్యాపారితో దారి గురించి ఆమె కొట్లాడని వారం లేదు. గొంతు వీధి చివరికి వినిపించేది. అయితే మర్నాడు మళ్ళీ అక్కడికే వెళ్ళేవారు. టమాటాలమ్మే ఆమె ముందు నిలబడి, నిన్న నువ్వు ఎండలో వచ్చి ఉంటావు, సగం కాయలు చితికి ఉంటాయి, అప్పుడు నేనొచ్చి ఒక్కో కాయా నొక్కి చూస్తుంటే నీకు ఒళ్ళు మండి ఉంటుంది, అని ఆమె తరఫు మాటలన్నీ తానే చెప్పేవారు. ఈ టీచరమ్మతో తగువు పెట్టుకుంటే మళ్ళా రేపొచ్చి నా కథ నాకే చెప్తాది, దానికన్నా మంచి కాయలిచ్చి పంపేది మేలు, అని ఆ టమాటాల ఆమె నాతోనే వాపోయింది.

బడిలోనూ ఇదే పద్ధతి. తనిఖీకి వెళ్ళినప్పుడు కళ్ళారా చూశాను. చొక్కాలు చిరిగిన ఇద్దరు పిల్లలు ఆమె ముందుకు వచ్చారు. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు. ఆమె చెయ్యి అడ్డం పెట్టారు.

"నీ మాట నీకాడనే ఉంటాది, యాడికీ పోదు. ముందు వాని మాట చెప్పు."

ఒకడు రెండోవాడి మాట చెప్పాలి. వాడికి ఎక్కడ కోపం వచ్చింది, ఎందుకు వచ్చింది, వాడే చెబుతున్నట్టు చెప్పాలి. రెండోవాడు విని "అంతే" అనాలి. వాడి నోట ఆ మాట వచ్చేదాకా ఇది పూర్తయినట్టు కాదు. వచ్చాక వంతు మారుతుంది. ఆమె తీర్పు చెప్పరు, తప్పెవరిదో తేల్చరు. ఆ రోజు మొదటివాడు చేతులు కట్టుకొని, తప్పంతా తనదేనని వీడంటాడు టీచర్, అని ముగించబోయాడు. రెండోవాడు కళ్ళు పెద్దవి చేసి, నేనెప్పుడంటిరా అట్ల, అని అడిగాడు. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. అన్నీ ఇంత తేలికగా తెగేవి కావు. కొన్నిటికి రోజులు పట్టేవి. సగం తగవులు ఆటల పీరియడ్ పోతుందన్న భయంతో తీరేవని ఆమే ఒప్పుకున్నారు. అలా వచ్చినా తనకు అభ్యంతరం లేదన్నారు.

ఈ పద్ధతికి రిజిస్టరు పెట్టమని సలహా ఇచ్చాను. తగవు, తేదీ, పేర్లు, పరిష్కారం అని గడులు కూడా గీసి చూపించాను. ఆమె ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నారు.

"పిల్లోళ్ళు మర్చిపోయినా ఆ బుక్కు మర్చిపోదు సార్."

నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను. రాసి పెట్టకపోతే మనిషి తనకు అనుకూలమైనదే గుర్తుంచుకుంటాడు. దానికి నేనే సాక్ష్యం. ఆ సంగతి చివర్లో వస్తుంది.

పదో తరగతి పరీక్షలకు ఇంకా నెల ఉందనగా నేను ముందు చెప్పిన తగవు జరిగింది. ఒకే బెంచీలో కూర్చునే ఇద్దరు ఆడపిల్లలు. ఒకరిది బడికి దగ్గరలోనే మగ్గం ఉన్న ఇల్లు. ఇంకొకరిది నంబులపూలకుంట వైపు ఒక పల్లె. తల్లిదండ్రులు కూలి చేస్తారు. ఆ పిల్ల హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఒక సాయంత్రం నేత ఇంటి పిల్లతో కలిసి చదువుకోవడానికి వాళ్ళింటికి వెళ్ళింది. మర్నాడు మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేని వేళ మళ్ళీ వెళ్ళి, మగ్గం మీద ఉన్న పెళ్ళి చీర పడుగును, నిలువు పోగులను, జానెడు మేర బ్లేడుతో కోసేసింది. పొరుగింటి ముసలమ్మ చూసింది.

ధర్మవరంలో పడుగు కోయడమంటే పొయ్యి మీద ఉడికే అన్నంలో మన్ను పోయడమే. పొద్దున బడి తలుపులు తెరిచేసరికి వీధి వీధంతా హెడ్మాస్టరు గదిలో ఉంది. ఆ పిల్లకు టి.సి. ఇచ్చి పంపేయాలన్నారు. హెడ్మాస్టరు నాకు ఫోన్ చేశాడు. నేను పెనుకొండలో రైలెక్కి వెళ్ళాను.

విచారణ గంటలో ముగిసింది. కోశావా? కోశాను. బ్లేడెవరిది? నాదే, పెన్సిల్ చెక్కేది. ఎందుకు కోశావు? జవాబు లేదు. మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ లేదు. 'చేసిన పని ఒప్పుకున్నది. పశ్చాత్తాపం కనబరచలేదు. టి.సి. ఇవ్వవచ్చును' అని రాశాను. హెడ్మాస్టరు మొహం తేలికపడింది. టీ తెప్పించాడు. సంతకం పెట్టడానికి పెన్ను తీశాను. అప్పుడు ఆమె వేళ్ళ మధ్య పోగులు తిప్పుకుంటూ లోపలికొచ్చారు. రిపోర్టు చదువుతానంటే ఇచ్చాను.

"దీంట్లో తప్పేం లేదు సార్. కాకపోతే తొందరగా అయిపోయింది. మూడు దినాలియ్యండి నాకు."

హెడ్మాస్టరుకు కోపం వచ్చింది. రేపు ఆ వీధివాళ్ళు పిల్లల్ని మాన్పిస్తే జవాబు చెప్పవలసింది తనేనని, మీ దారాల ఆటకు పబ్లిక్ పరీక్షలు ఆగవని అన్నాడు. టి.సి. తీసుకొని ఆ పల్లెకు పోతే ఆ పిల్ల మళ్ళా పరీక్ష రాయదని ఆమె అన్నారు. ఇద్దరూ నా వైపు చూశారు. నేను మూడు రోజులిచ్చాను. దయతో కాదు. నేనే తయారుచేసిన ఆ రిపోర్టు ఫారంలో 'కారణం' అన్న గడి ఖాళీగా ఉండిపోయింది. ఖాళీ గడితో కాగితం పంపడం నాకు అలవాటు లేదు.

మూడు రోజులూ నేను వెళ్ళి మ్యాపుల గదిలో వెనక కుర్చీలో కూర్చున్నాను. మొదటి రోజు హాస్టల్ పిల్ల నేత ఇంటి పిల్ల మాట చెప్పింది. వాళ్ళ నాయన తెల్లారకముందే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటాడు. జానెడు కోస్తే ఎన్ని పోగులో అన్నీ ఒక్కొక్కటిగా అతకాలి. వాళ్ళమ్మ నిన్నంతా పొయ్యి వెలిగించలేదు. స్నేహితురాలే ఇలా చేసిందంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఇవన్నీ తల దించుకొని చెప్పింది. నేత ఇంటి పిల్ల ఏడుస్తూ "అంతే" అంది.

వంతు మారింది. ఆ పిల్లకు చెప్పడం రాలేదు. మా ఇంట్లో పట్టుంది, వాళ్ళింట్లో లేదు, అందుకని ఓర్వలేక కోసింది, అని చెప్పింది. హాస్టల్ పిల్ల తల అడ్డంగా ఊపింది. రెండో రోజు, లెక్కల్లో నాకు మార్కులెక్కువ వచ్చాయని, అంది. మళ్ళీ అడ్డంగానే. బయట హెడ్మాస్టరు వరండాలో పచార్లు చేస్తున్నాడు. నేత ఇంటి పిల్లకు విసుగొచ్చింది.

"నేనేం చేసినా టీచర్? ఒక్క మాటన్నా అనలేదు ఆయమ్మిని."

"అనలేదులే. నోరేమనిందో వద్దు. ఆ సాయంత్రం మీ ఇంట్లో ఎవురి చేతులు ఏం చేసినాయో, ఆ పిల్ల వచ్చినప్పట్నించీ తలుసుకొని రేపు రా."

మూడో రోజు నేత ఇంటి పిల్ల బడిగంట కన్నా ముందే వచ్చి చెప్పింది. ఆ సాయంత్రం హాస్టల్ పిల్ల మగ్గం దగ్గరికి వెళ్ళి పట్టు మీద చెయ్యి పెట్టబోయింది. తను ఆ మణికట్టు పట్టుకొని పక్కకు తోసేసింది. చుట్టాలిద్దరు ఇంట్లో కూర్చొని ఉన్నారు. ఇదే జరిగింది. అది తనకు గుర్తు లేకపోవడానికి కారణముంది. నేత ఇళ్ళల్లో అది రోజూ ఉండేదే. గరుకు చెయ్యి తగిలితే పట్టు పోగు లేచిపోతుంది. చేలో పని చేసి వచ్చిన మేనత్త చెయ్యి తోస్తారు. బట్టలుతికి వచ్చిన రోజు తన చెయ్యే వాళ్ళ నాయన తోసేస్తాడు. ఎవరూ ఏమీ అనుకోరు, ఎందుకో ఎవరూ చెప్పరు. అందరికీ తెలిసిందే అనుకుంటారు.

ఆ పిల్ల అక్కడ ఆగిపోయింది. ఆమె చేతిలో పోగులు కూడా ఆగాయి. తర్వాత ఆ పిల్ల మెల్లగా హాస్టల్ పిల్ల మాట చెప్పింది.

"నా చెయ్యి మురికిదనుకున్నారు. నా కులం చూసి తోసినారు. అదీ చుట్టాల ముందర. నా పక్కన కూర్చొని అన్నం తినే పిల్లే తోసింది."

హాస్టల్ పిల్ల తన అరచేతులు తిప్పి చూసుకుంది. సెలవుల్లో చేలో చెనిక్కాయ చెట్లు పీకి పీకి కాయలు కాచిన చేతులవి. వాటిని మళ్ళీ ఒళ్ళో పెట్టుకొని "అంతే" అంది. తర్వాత, గరుకని ఒక్క మాట చెప్పింటే, అంది. ఆ వాక్యం పూర్తి చేయలేదు. పూర్తి చేయమని ఆమె అడగలేదు.

ఆ సాయంత్రమే ఆమె హాస్టల్ పిల్లను వెంటబెట్టుకొని ఆ నేత ఇంటికి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. తండ్రి మగ్గం మీది నుంచి తల ఎత్తలేదు. తల్లి కాసేపు చూసి, గిన్నెలో బూడిద తెచ్చి ఆ పిల్ల ముందు పెట్టింది. పోగులు అతికేవాళ్ళు వేళ్ళకు బూడిద రాసుకుంటారు.

"గరుకైతే గరుకులే పాపా. ఇది రుద్దుకో, పోగు నిలుస్తాది. రా, కూర్చో."

హాస్టల్ పిల్ల తెగిన కొసలు ఏరి అందిస్తుంటే నేత ఇంటి పిల్ల అతికింది. పరీక్షల చదువులు మానకుండా, రోజుకు కొంచెం. అతుకుల వరుస కనిపించే ఆ పెళ్ళి చీరను షావుకారు తీసుకోలేదు. ఆ తల్లి దాన్ని తనకే ఉంచుకుంది. ఆ కోతలో మా చెయ్యి కూడా ఉండాదిలే అని ఆ తండ్రి వీధివాళ్ళకు చెప్పాడు. ఇద్దరు పిల్లలూ ఆ ఏడే పరీక్ష రాశారు.

నేను రిపోర్టు తిరగరాశాను. 'కారణం' గడి నిండింది. చివర్లో ఒక వాక్యం చేర్చాను: 'ప్రధానోపాధ్యాయులు కారణం విచారించకుండానే టి.సి. ఇవ్వడానికి తొందరపడ్డారు.' పై ఆఫీసు నుంచి అతనికి సంజాయిషీ అడుగుతూ మెమో వెళ్ళింది. అప్పటికి అతని రిటైర్మెంటుకు కొన్ని నెలలే ఉంది. మెమో పట్టుకొని నా ఆఫీసుకొచ్చాడు. కూర్చోలేదు.

"నువ్వు రాసింది నిజమేలేప్పా. సగం."

అదే అతను నాతో మాట్లాడిన చివరి మాట. పెనుకొండలో ఉన్నన్ని రోజులూ ఒకే వీధిలో ఎదురెదురు పక్కల నడిచాం. తర్వాత నేను హిందూపురంలో స్థిరపడ్డాను.

ఆమెకు ఇదంతా తెలుసు. నా రిటైర్మెంటు సభకు వచ్చి, దండలు వేయడం అయ్యాక పక్కకు పిలిచారు.

"హెడ్మాస్టర్ సార్ మాట ఎవురు చెప్పినారు సార్?"

అతని మాట అతనే చెప్పుకుంటాడన్నాను.

"ఆయప్పది ఆయప్పకు తెలుసు. మీరు పోయి చెప్పల్ల, ఆయప్ప అంతే అనల్ల."

అప్పటి నుంచి ప్రతి కొత్త సంవత్సరం నాడూ ఫోన్ చేసేవారు. ఈ ఏడు డైరీ ఏ రంగుది కొన్నారని మొదట అడిగేవారు. రెండో ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "పెనుకొండలో దిగినారా సార్?" ధర్మవరానికో అనంతపురానికో పోయిన ప్రతిసారీ నా రైలు అక్కడ ఆగేది. నేను దిగేవాణ్ణి కాదు. వచ్చే నెల అనేవాణ్ణి. ఆమె నవ్వేవారు కాదు, కోప్పడేవారు కాదు. ఫోన్లో కూడా ఆ వేళ్ళు తిరుగుతూనే ఉన్నట్టు నాకనిపించేది.

ఆమె పోయిన రోజు ధర్మవరం వెళ్ళాను. నాకు ఫోన్ చేసింది ఆ నేత ఇంటి పిల్లే. ఇప్పుడు తనే చీరలు నేసి అమ్ముతోంది. హాస్టల్ పిల్ల గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సు. నేను వెళ్ళేసరికి ఇద్దరూ వాకిట్లో గొంతులు పెంచి వాదించుకుంటున్నారు. ఆ దారాల సంచి ఆమెతో పంపాలని ఒకరు, ఉంచుకోవాలని ఒకరు. ఎంత సేపటికీ తెగలేదు. చివరికి నర్సు తన మాట ఆపి, ఇది ఎవురింట్లోనో మూలబడుంటే నీకు కడుపు మండుతాది, ఆయమ్మ చేతులు ఊరికే పోగూడదని నీ బాధ, అంది. ఆ నేత ఇంటి అమ్మాయి కళ్ళు తుడుచుకొని "అంతే" అంది. సంచి ఆమెతోనే వెళ్ళింది. ఇద్దరూ ఒకే చాప మీద కూర్చున్నారు.

నా చార్టు మీది లక్ష్యాల్లో ఇది లేదు. ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పే లక్ష్యం ఇదొక్కటే.

తిరుగు రైల్లో సాయంత్రపు ఎండలో పెనుకొండ కొండ కనిపించగానే లేచి తలుపు దగ్గరికి వెళ్ళాను. దిగాను. అతని ఇల్లు మారలేదు. అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. మోకాలికి పట్టీ ఉంది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. గుర్తుపట్టాక మొహం తిప్పుకోలేదు.

"ఏమప్పా, రైలు తప్పినావా?"

"లేదు. నీ మాట చెప్దామని దిగినా."

కూర్చోమనలేదు. నేను నిలబడే చెప్పాను. ఆ పొద్దున అతని గదిలో ఎంతమంది ఉన్నారో చెప్పాను. ఏమేమన్నారో చెప్పాను. ఆ గొంతుల మధ్య అతను నాకు ఫోన్ చేసింది నా మాట మీద నమ్మకంతోనని చెప్పాను. ఏం చేయమంటావని అతనడిగితే, టి.సి. ఇచ్చెయ్, వచ్చి నేను రాసిస్తాను, అని ఫోన్లో చెప్పింది నేనే. అది నా డైరీలో ఆ రోజు పేజీలో ఉంది. నా మాట పట్టుకొని అతను నిలబడ్డాడు. తర్వాత నేను నా మాట దాచి, తొందర అతనిదని రాశాను. మడిచిన కాగితం తీసి ఇచ్చాను. అది మొదటి రిపోర్టు, నా చేతిరాత.

అతను కళ్ళద్దాలు పెట్టుకొని చదివాడు. మొదటి నుంచి చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికొచ్చాడు. నేను ఆ ఒక్క మాట కోసం ఎదురుచూస్తున్నాను. బడిలో ఆ పిల్లలు నిలబడినట్టే నిలబడి ఉన్నాను. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నా మాట ఇంగా కొంచెం ఉండాది. కూర్చో."

కూర్చున్నాను. పెనుకొండ నుంచి హిందూపురానికి పోయే రైళ్ళన్నిటి వేళలూ నాకు కంఠతా వచ్చు. వాచీ చూసుకోలేదు.